తోరణం కిందుగానే మేడారం పోతాం

తెలంగాణ రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖ, పర్యాటక శాఖ, బడి పుస్తకాలు తయారు చేసే కమిటీల పెద్దలకు,

హన్మకొండలో పిల్లలకు సోషల్ చెప్పుకునే ఒక టీచర్ నమస్కరించి రాస్తున్న బహిరంగ లేఖ ఇది.

2024 మే నెలలో రాష్ట్ర అధికార చిహ్నం మారుస్తామన్న మాట బయటికి వచ్చినప్పుడు మా దగ్గర ఎంత గొడవైందో మీకు గుర్తుండే ఉంటుంది. కాకతీయ కళాతోరణం, చార్మినార్ రాచరికపు గుర్తులు, వాటిని తీసెయ్యాలని ఒక వాదన. తోరణం మీద చెయ్యి వేస్తే ఊరుకోమని ఇంకో వాదన. సమ్మక్క సారలమ్మల మీదికి సైన్యాన్ని పంపినవాళ్ల గుర్తు మనకెందుకని కొందరు అడిగారు. పాకాల, రామప్ప చెరువులు తవ్వించినవాళ్లను ఇట్లా తీసిపారేస్తారా అని కొందరు కోపానికి వచ్చారు. జూన్ 2న రాష్ట్ర గీతం వచ్చింది కానీ కొత్త చిహ్నం వాయిదా పడింది.

చల్లారిన గొడవ ఇప్పుడెందుకు తవ్వుతున్నాడని అనుకోవద్దు. చల్లారింది బొమ్మ గురించిన పంచాయితీ మాత్రమే. ఈ నేల కథ ఎవరు చెప్పాలి, ఎన్ని రకాలుగా చెప్పొచ్చు, అందులో సర్కారు ముద్ర దేని మీద పడాలి అన్నది అట్లాగే ఉంది. మీరు వేసే ప్రతి బోర్డులో, రాయించే ప్రతి పాఠంలో, పెట్టించే ప్రతి లైట్ షోలో అది మళ్లీ లేస్తుంది.

ప్రతాపరుద్రుడినే తీసుకోండి. ఖిలా వరంగల్‌లో నిలబడి చెప్పే కథలో ఆయన చివరి రాజు. ఢిల్లీ సైన్యాలను మళ్లీ మళ్లీ ఎదుర్కొన్నవాడు. 1323లో కోట ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ చేతికి చిక్కింది. రాజును బందీగా ఢిల్లీకి తీసుకుపోతుంటే దారిలో నర్మద ఒడ్డున ప్రాణం పోయింది. ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం ఆ చావు గురించీ, ఆ తర్వాత జనం పడ్డ బాధల గురించీ చెప్తుంది. స్వయంభూ శివాలయం నేలమట్టమైంది, నాలుగు దిక్కులా తోరణాలు మిగిలాయి. అవే మన చిహ్నంలోకి వచ్చాయి. ఈ కథ వింటే ఏ ఓరుగల్లు మనిషికైనా మనసు కలుక్కుమంటుంది.

సమ్మక్క సారలమ్మల జాతర జరిగే మేడారం కథలో ఇదే ప్రతాపరుద్రుడు కరువు కాలంలో కప్పం అడిగిన రాజు. పంటలు లేవు, కట్టలేమంటే దండెత్తించాడు. సమ్మక్క భర్త పగిడిద్దరాజు, అల్లుడు గోవిందరాజు, బిడ్డ సారలమ్మ యుద్ధంలో పడిపోయారు. కొడుకు జంపన్న సంపెంగ వాగులో ప్రాణం వదిలితే అది జంపన్న వాగైంది. సమ్మక్క గాయాలతో చిలకలగుట్ట వైపు నడిచి మాయమైంది, వెతుక్కుంటూ పోయినవాళ్లకు కుంకుమ భరిణె దొరికింది. ఈ కథ కోయల నోటి నుంచి, వాళ్ల కథలు పాడే డోలీల పాట నుంచి, పడిగెల (దేవర జెండాల) మీది బొమ్మల నుంచి మనకు అందింది. రాతి మీద చెక్కలేదని దాని బరువు తగ్గదు. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి కోటి మందికి పైగా జనాన్ని కదిలించే కథ అది, ఆ లెక్క చెప్పేది కూడా సర్కారే.

ఒకే రాజు. ఒక కథలో కన్నీళ్లు తెప్పిస్తాడు, ఇంకో కథలో కడుపు మండిస్తాడు. వరంగల్ నుంచి బెల్లం మూట నెత్తిన పెట్టుకొని మేడారం పోయినవాళ్లే తిరిగొచ్చేటప్పుడు పాలంపేట దగ్గర దిగి, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి ముందు ఫోటోలు దిగుతారు. పొద్దున అమ్మవారికి మొక్కి, సాయంత్రం కాకతీయుల సేనాని కట్టించిన గుడి చూసి మురిసిపోవడంలో వాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. తరతరాలుగా మేం తోరణం కిందుగానే మేడారం పోతున్నాం. రెండింట్లో ఒకటే ఖాయం చెయ్యమని మమ్మల్ని ఎవరూ అడగలేదు, మొన్నమొన్నటిదాకా.

ఏడో తరగతిలో కాకతీయుల పాఠం నడుస్తుంటే ఒక అమ్మాయి లేచి, "సార్, మరి ప్రతాపరుద్రుడు మంచోడా, చెడ్డోడా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు వెనక బెంచీ నుంచి ఒక పిల్లగాడు, "గదంతా ఎందుకు సార్, పరీక్షల ఏది రాయాలె?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. మీకు చెప్పాల్సింది మాత్రం ఆ రెండో ప్రశ్న గురించే. సర్కారు ఒక కథను ముట్టుకోగానే అది పరీక్ష జవాబైపోతుంది. ఒకటి కరెక్టు, మిగతావన్నీ తప్పు.

జాతరప్పుడు అమ్మే చిన్న పుస్తకాల్లో, టీవీల్లో తిరిగే వెర్షన్ ఎట్లా ముగుస్తుందో గమనించారా? యుద్ధం తర్వాత ప్రతాపరుద్రుడు పశ్చాత్తాపపడి అమ్మవార్ల భక్తుడవుతాడు, రెండేళ్లకోసారి జాతర జరిపించమని ఆయనే చెప్తాడు. వినడానికి చల్లగానే ఉంటుంది, అందరూ కలిసిపోయినట్టు. కానీ ఆ ఒక్క ముగింపుతో జాతర ఎవరిదో మారిపోయింది. తమ చావులను తాము తలుచుకునే కోయల పండుగ, రాజుగారి దయతో మొదలైన వేడుకగా తేలింది. మొదట్లో కూడా ఇలాంటిదే ఒకటుంది. వేటకు పోయిన దొరకు పులుల మధ్య ఆడుకుంటూ పసిపాప దొరికిందంటారు. ఎంత అందమైన ఘట్టమో. అయితే దొరికిన బిడ్డను ఎవరి ఇంటి ఆడబిడ్డగానైనా చేసుకోవచ్చు. ఆ ముక్కను ఎవరు ఎందుకు పట్టుకుంటారో చూస్తే, కథలో ఒక్క వాక్యానికి ఎంత పని ఉందో తెలుస్తుంది.

అసలు జాతర నడిచే తీరులోనే దీనికి జవాబుంది. సారలమ్మ కన్నెపల్లి నుంచి వస్తుంది. పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి, గోవిందరాజు కొండాయి నుంచి బయల్దేరుతారు. సమ్మక్కను చిలకలగుట్ట మీది నుంచి తెస్తారు. ఏ ఊరి దేవర ఆ ఊరి పూజారుల చేతిలో, వాళ్ల వరుసలో, వాళ్ల మాటల్లో నడిచి వచ్చి గద్దెల దగ్గర కలుస్తారు. నడిపించే స్క్రిప్టు ఒక్క చేతిలో లేదు. ఉంటే ఇంతకాలం నిలిచేది కాదని నా నమ్మకం.

ఉత్తర తెలంగాణకు ఇది కొత్త సంగతేం కాదు. మా దగ్గర కులానికొక పురాణం, పురాణానికొక పటం, పటానికొక చెప్పేవాడు. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెప్తారు. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ చెప్తారు. గొల్లలకు మందహెచ్చులవాళ్లు, మంగళివాళ్లకు అద్దపువాళ్లు, మాదిగలకు జాంబపురాణం విప్పే డక్కలివాళ్లు, చిందు ఆడే చిందోళ్లు. కురుమల బీరప్ప కథ ఒగ్గువాళ్ల డోలు మీద నడుస్తుంది. ఆ పటాలు గీసింది చేర్యాల నకాషీ చిత్రకారులు. ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, వెనక ఎర్రరంగు వేసి, మూడడుగుల వెడల్పుతో నలభై అడుగులు దాటిపోయే కథను గీసేవాళ్లు. పటం పాతబడి చిరిగిపోతే పారెయ్యరు, చేయాల్సిన కార్యం చేసి నీళ్లలో కలుపుతారు. ఇప్పుడు అదే చేర్యాలలో ఎక్కువగా అమ్ముడుపోయేది గోడకు తగిలించే ఫ్రేములు, మాస్కులు, కీచైన్లు. కొనేవాళ్లను తప్పు పట్టను, మా ఇంట్లోనూ ఒకటుంది. కాకపోతే ఆ ఫ్రేములో కథ లేదు, చెప్పే మనిషీ లేడు.

ఈ పురాణాల్లో చాలావాటిలో చెప్పించుకునే కులమే లోకానికి ముఖ్యం. జాంబపురాణంలో జాంబవముని భూమి కన్నా ముందే పుట్టినవాడు, బ్రాహ్మణుడితో ఎదురెదురుగా నిలబడి ఎవరు ముందో తేల్చమని నిలదీస్తాడు. పద్మశాలీల పురాణంలో బట్ట నేసి లోకం మానం కాపాడింది భావనారుషి. ఒకే ఊళ్లో, ఒక వాడలో ఒక సృష్టి, పక్క వాడలో ఇంకో సృష్టి. అయినా మా పురాణం నిజం కాబట్టి మీ పటం తగలబెట్టాలని ఎవరూ అనలేదు. ఈ కథ ఫలానావాళ్లది, ఫలానావాళ్లు చెప్పాలి, ఫలానా ఊళ్లు వాళ్ల మిరాశి (తరతరాల హక్కు) అన్న లెక్క అందరికీ ఎరుకే. వినేవాడికి తను ఎవరి వాకిట్లో కూర్చున్నాడో తెలుసు.

పాత కాలమంతా బంగారమని చెప్పడం లేదు. జాంబపురాణం విప్పిన డక్కలివాడికి మాదిగవాడలోనే సమానంగా కూర్చునే చోటు దొరకలేదు. వాదంలో జాంబవముని గెలిస్తే తెల్లారి ఊళ్లో గెలిచింది దొరే. తమ కులం ఎందుకు కిందపడిపోయిందో తామే ఒప్పుకునేటట్టు చేసే ఘట్టాలు కూడా ఆ పురాణాల్లోనే ఉన్నాయి. కథలో దొరికిన మర్యాద బతుకులో దొరకలేదు కాబట్టే, ఆ కులాల పిల్లలు కొందరు ఈ పటాల వైపు చూడటానికి కూడా ఇష్టపడరు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కళ అంతరిస్తోందని సభల్లో వాపోయేవాళ్లు ఒక్కసారి అది కూడా ఆలోచించాలి.

ఇప్పటి తంటా వేరే రకం. కథ పట్టాదారు పాసుపుస్తకం లాగా తయారైంది. పేరు ఎవరిదో, సర్వే నంబర్ ఏదో, హద్దులెక్కడో తేల్చమంటున్నారు. 1976లో తెలంగాణలో లంబాడీలను ఎస్టీ జాబితాలో చేర్చారు. 2017లో ఆ జాబితా మీద ఆదివాసీలకు, లంబాడీలకు మధ్య ఆదిలాబాద్ అట్టుడికింది. అప్పుడు రెండు వైపులా ముందుకొచ్చింది కథలే. ఎవరు ముందొచ్చారు, ఎవరు ఎక్కడి నుంచి వచ్చారు, అడవి ఎవరిది. సీట్లు, కొలువులు, పోడు భూములు వాటి మీద ఆధారపడ్డప్పుడు తాత చెప్పిన కథ కోర్టులో పెట్టే సాక్ష్యమవుతుంది. సాక్ష్యంలో రెండు వెర్షన్లు ఉండకూడదు మరి. ఆ గొడవకు పరిష్కారం నా దగ్గర లేదు. ఉద్యోగాలు, భూములు చాలినన్ని ఉంటే కథల మీద ఇంత బరువు పడేది కాదని మాత్రం అనుకుంటాను.

రాణి రుద్రమ ఏ కులమన్న పంచాయితీ వాట్సాప్‌లో చూసే ఉంటారు. నాలుగు కులాలు నాలుగు రకాలుగా మాదంటే మాదంటాయి. తమాషా ఏమిటంటే కాకతీయులే తమ గురించి ఒక్క మాట మీద లేరు. చాలా శాసనాలు వాళ్లది నాలుగో వర్ణమని దాచకుండా చెప్తాయి. గణపతిదేవుడి మోటుపల్లి రేవు శాసనం సూర్యవంశం దాకా ఎక్కిస్తుంది. ఆయన తోబుట్టువు మైలాంబ వేయించిన బయ్యారం చెరువు శాసనంలో వంశం వెన్నడనే మూలపురుషుడి నుంచి మొదలవుతుంది. సముద్రం మీది వర్తకులకు వినిపించే మాట ఒకటి, ఇంటి చెరువు గట్టు మీద చెప్పుకునే మాట ఒకటి. రాజులకే ఇన్ని కథలుంటే ఒక్కటే ఉండాలని మనం ఎందుకు కొట్టుకోవాలి?

సెప్టెంబరు 17 దగ్గరికి వస్తే నాకు టెన్షన్. 1948లో ఆ రోజు నిజాం లొంగిపోయాడన్నదాకా అందరూ ఒప్పుకుంటారు. ఆ తర్వాత ఒకరికి విమోచనం, ఒకరికి విలీనం, ఒకరికి విద్రోహం. 2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమంటే, కేంద్రం అదే రోజు హైదరాబాద్‌లోనే విమోచన దినం జరిపింది. 2024లో అదే తేదీ రాష్ట్రానికి ప్రజాపాలన దినోత్సవమైంది. జెండా అదే, పిల్లలు వాళ్లే, చెప్పాల్సిన ఉపన్యాసమే మారుతుంది.

పేర్ల సంగతి పక్కన పెడితే, మా జిల్లాల్లో దాని కింద నిజమైన చావులున్నాయి. పరకాలలో 1947 సెప్టెంబరు 2న జెండా ఎగరేయడానికి వచ్చిన జనం మీద తూటాలు పేలాయి. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు ఊరి మగవాళ్లను వరుసగా నిలబెట్టి కాల్చారు. అక్కడి బురుజు ఇంకా ఉంది. వీటిని తక్కువ చేసి చెప్పే హక్కు ఎవరికీ లేదు. అవి కథలు కావు, జరిగినవి. కానీ ఆ రెండూ చెప్పి అక్కడే ఆపేస్తే మొత్తం హిందువులు, ముస్లింల కొట్లాటగా మిగులుతుంది. కొందరు సరిగ్గా అక్కడే ఆపుతారు.

జనగామ నుంచి సూర్యాపేట పోయే దారిలో కామారెడ్డిగూడెం దగ్గర షేక్ బందగీ సమాధి ఉంది. భూమి కోసం విస్నూరు దేశముఖ్ (పెద్ద భూస్వామి) అండ ఉన్నవాళ్లతో కోర్టులో కొట్లాడి గెలిచి, ఆ గెలిచినందుకే ప్రాణం పోగొట్టుకున్న రైతు. చనిపోయినవాడు ముస్లిం, దేశముఖ్ హిందువు, ఆ దేశముఖ్‌కు అండ నిజాం రాజ్యం. 1946 జూలై 4న కడవెండిలో తూటాకు బలైన దొడ్డి కొమరయ్య కురుమ, పాలకుర్తిలో పండిన పంట కోసం ఎదురు నిలిచిన ఐలమ్మ చాకలి. ఇద్దరి ఎదురుగా ఉన్నదీ అదే విస్నూరు గడీ. రజాకార్లను రాతతో ఎదిరించి 1948 ఆగస్టులో హత్యకు గురైన ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ మా మానుకోట (మహబూబాబాద్) వైపు పుట్టినవాడు. భారత సైన్యం హైదరాబాద్ మీద జరిపిన పోలీసు చర్య తర్వాత ముస్లింల మీద, ఎక్కువగా మరాఠ్వాడా జిల్లాల్లో, జరిగిన ఘోరాలను నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం రాసిపెట్టింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనానికి అందలేదు. ఇవన్నీ ఒకే పీరియడ్‌లో చెప్పొచ్చు. నేను చెప్తాను. పిల్లలకు బుర్ర తిరిగిపోదు. ఊళ్లో పీర్ల పండుగకు పీరును ఎత్తుకునేది చాలాచోట్ల హిందువులే, అసోయ్‌దూల ఆట ఆడుతూ కర్బలా కథ తెలుగులో పాడేది వాళ్లే. అది చూసి పెరిగిన పిల్లలు పెద్దవాళ్లు అనుకునే దానికన్నా తెలివైనవాళ్లు.

ఖిలాలో తోరణాల పక్కనున్న ఖుష్ మహల్‌ను షితాబ్ ఖాన్ మహల్ అని కూడా అంటారు. పేరు వినగానే ఎక్కడి నుంచో వచ్చిన నవాబు అనుకుంటాం. ఆయన సీతాపతి అనే తెలుగు నాయకుడు. ఓరుగల్లు తన చేతికి వచ్చాక ఇక్కడి పాంచాలరాయ స్వామిని మళ్లీ నిలబెట్టినట్టు ఆయన 1504 నాటి శాసనం చెప్తుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే కోట చూసే కళ్లే వేరవుతాయి.

ఇక నేను అడిగేవి.

బోర్డు మీద కథ రాసేటప్పుడు అది ఎవరు చెప్పిన కథో కూడా రాయండి. "మేడారం కోయ పూజారులు చెప్పే వరుస ఇది", "విలస శాసనంలో ఉన్నది ఇది" అని వేరువేరుగా. శాసనాన్నీ నోటి కథనూ కలిపి ఒకే పేరాగా కుట్టేస్తే రెండింటికీ అన్యాయమే. మేడారం కథ మొదట కోయ భాషలో ఉండాలి, తెలుగు దాని కింద. ఆ మాటలు రాసేముందు హైదరాబాద్‌లోని రచయితను పిలవడం కాకుండా మేడారం, కన్నెపల్లి, పూనుగొండ్ల, కొండాయి పోయి అడగండి. నాలుగు ఊళ్లలో నాలుగు రకాలుగా చెప్తే నాలుగూ రాయండి, గోడకు చోటుంది.

ఏడో తరగతి పాఠంలో ప్రతాపరుద్రుడి రెండు కథలూ పక్కపక్కన పెట్టండి. కింద ప్రశ్న "మంచివాడా, చెడ్డవాడా" అని కాకుండా "ఈ కథ చెప్పేవాళ్లు ఎవరు, వాళ్లు ఏం పోగొట్టుకున్నారు" అని ఉండాలి. దానికి మార్కులు ఎట్లా వేయాలో మేం చూసుకుంటాం.

చెప్పేవాళ్లు బతికుండగానే పిలవండి. కోయ కథలను డోలు మీద పాడిన మణుగూరు వైపు సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన పోయారు. జనగామ జిల్లా చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ ఇచ్చారు. సంతోషమే. అయితే ఊళ్లో ఇంకా పటం విప్పగలిగినవాళ్లకు కావాల్సింది ఢిల్లీ ప్రయాణం కన్నా నెలకు నాలుగు ప్రదర్శనలు, వాటికి టైముకు వచ్చే డబ్బులు. ప్రతి ఉన్నత పాఠశాలకూ ఏడాదిలో రెండు పూటలు ఇవ్వండి, చుట్టుపక్కల మండలాల కథకులనే పిలుస్తాం. కూనపులివాళ్లు ఒకసారి, డక్కలివాళ్లు ఒకసారి. పద్మశాలి పిల్లలు జాంబపురాణం వినాలి, మాదిగ పిల్లలు మార్కండేయ పురాణం వినాలి, అందరూ కలిసి ఒకే చాప మీద కూర్చొని. పాత వాడల్లో లేనిది అదే, బడి ఇవ్వగలిగిందీ అదే. చేర్యాలకు ఫ్రేముల ఆర్డర్లతో పాటు ఏటా కొన్ని పూర్తి పటాల ఆర్డరు కూడా ఇవ్వండి, చెప్పేవాళ్లను వెంటబెట్టి. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉండనే ఉంది, ఎవరు ఎక్కడున్నారో అక్కడ అడిగితే చాలావరకు తెలుస్తుంది.

ఓరుగల్లు వీధుల్లో ఒక స్త్రీ పల్నాటి వీరుల కథ పాడుతుంటే జనం గుమిగూడి విన్నట్టు క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యంలో ఉంది. కృష్ణ అవతల జరిగిన అన్నదమ్ముల యుద్ధం అది. కాకతీయుల రాజధానిలో ఎవరో వేరే ఊరి వీరులను పొగుడుతుంటే మా వీరులు లేరా అని ఎవరూ అలగలేదు. అప్పటి శ్రోతలకున్న ఓపిక మాకూ ఉందని నమ్మి బోర్డులు రాయండి.

చివరగా చిహ్నం సంగతి. నన్నడిగితే తోరణం ఉండనివ్వండి. దాన్ని తీసి సమ్మక్కను పెట్టాలనేవాళ్లను నేను ఒకటే అడుగుతాను, ఏం గీస్తారు? గద్దె మీద విగ్రహం లేదు. వెదురు, కుంకుమ భరిణె, అంతే. బజారులో దొరికే పులి మీది బొమ్మ ఎవరో ఆర్టిస్టు ఊహ. మళ్లీ ఆ ఫైలు తెరవాలని మీకు అనిపిస్తే ముందు మేడారం పూజారులను, తర్వాత ఖిలా వరంగల్ వాళ్లను, మా క్లాసులో ప్రశ్న అడిగిన ఆ అమ్మాయి వయసు పిల్లలను ఒక్కచోట కూర్చోబెట్టి వాళ్ల మాట విని, ఆ మాటలను యథాతథంగా జనం ముందు పెట్టండి. ఆ తర్వాత గీయించండి.

ఇట్లు,
ఒక ప్రభుత్వ పాఠశాల సోషల్ టీచర్,
హన్మకొండ